టీ గ్లాసంత సిమెంటు

బల్ల మీద ఉన్నవి: పక్క రేకులు విప్పిన కొత్త కంప్యూటర్ డబ్బా, మదర్‌బోర్డు, ర్యామ్, ఇంకా అట్టపెట్టెలోంచి తీయని పవర్ సప్లై, పార్సెళ్లు తూచే చిన్న కాటా, మూడు స్క్రూడ్రైవర్లు, కాగితాలు ఎగిరిపోకుండా నేను వాడుకునే సిమెంటు గడ్డ. కుర్చీల్లో ఉన్నవాళ్లం ఇద్దరం, నేనూ మా అక్కా. కరీంనగర్‌లో నేను కంప్యూటర్లు బిగించే గది ఇది. తన బిడ్డకు ఒకటి తయారు చేయించడానికి అక్క నిర్మల్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది. రాగానే ఆ గడ్డను చేతిలోకి తీసుకుని వాసన చూసి మొహం చిట్లించింది. ఇన్నేళ్లయినా దానికి పట్టిన బీడీ తంబాకు వాసన పోలేదు. ఆ గడ్డంటే నాకు ఇప్పటికీ రోతే. అది తంబాకు వల్ల మాత్రం కాదు.

మా ఇల్లు సిరిసిల్లలో, సాంచాల మధ్య ఉండేది. మా దగ్గర మరమగ్గాన్ని సాంచ అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. బాపు సాంచ నడిపేవాడు, అవ్వా అక్కా బీడీలు చేసేవాళ్లు. వానాకాలమంతా దూది నుసి తడిగోడలకు, ఆరేసిన బట్టలకు, బాపు కనుబొమ్మలకు, చివరికి పెరుగు గిన్నె మీది మీగడకు కూడా అంటుకునేది. మేం పిల్లలం నూలు చుట్టే కండెలు విరిగినవి ఏరుకొచ్చి చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో అక్క గునుగుపూలకు రంగులద్దుతుంటే అవ్వ జొన్నరొట్టెలు నలిపి, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టేది. ఆ ముద్దల్లో కూడా కాస్త తంబాకు ఘాటు ఉండేది. ఎన్నిసార్లు కడిగినా అది వాళ్ల వేళ్లను వదిలేది కాదు. పండుగ పూట కూడా అక్క ఒళ్లో బీడీల చాట ఉండేది. ఆ చాట ముందు కూర్చుని కూర్చుని ఇంటర్ అయిపోయేసరికే ఆమె వీపు వంగింది.

ఆ చాట పక్కన పెట్టే దారి ఒకటి దొరికింది. మా వాడలో పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సులో అక్క తెలుగు టైపింగ్ నేర్చుకుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే వచ్చే పెళ్లిళ్ల సీజన్ కార్డుల మ్యాటరంతా నీకే ఇస్తానని ప్రెస్సాయన మాట ఇచ్చాడు. అవ్వకు బీడీల పీఎఫ్ పైసలు వచ్చాయి. కొత్త కంప్యూటర్‌కు అవి చాలవు, విడిభాగాలు కొని బిగించుకుంటే చాలవచ్చు. పది పాసై ఇంటర్‌లో చేరబోతున్న నాకు ఆ పని అప్పజెప్పారు.

నెలరోజులు నెట్ సెంటర్‌లో కూర్చుని చదివాను. ఏది తగ్గించినా పని నడుస్తుందో, ఏది తగ్గిస్తే మొత్తం చెడుతుందో విడదీసుకున్నాను. టైపింగ్‌కు గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు, తీసేశాను. ప్రాసెసర్ కిందిరకం చాలు. ర్యామ్ ఒక్క ముక్కే, రెండోది తర్వాత కొనుక్కోవచ్చు. మానిటర్ మూతపడిన ఇంకో నెట్ సెంటర్‌ది, పాత లావు డబ్బా. దాని వెనక జాలీలో ఎవరో తిని దూర్చిన గుట్కా పొట్లాలు ఉన్నాయి, నేనే పుల్లతో లాగాను. కీబోర్డు మీటల మధ్య గోళ్లూ వెంట్రుకలూ పేరుకుని ఉంటే అక్క సబ్బునీళ్లతో కడిగింది. పవర్ సప్లై దగ్గర మాత్రం తగ్గొద్దని చదివిన ప్రతిచోటా రాసి ఉంది. పేరు తెలియనివాటిలో బరువున్నదే నయమని కూడా రాసి ఉంది. దాన్ని నమ్మాను.

బాపూ నేనూ కరీంనగర్ వచ్చాం. మెట్లకింద ఇరుకు దుకాణం. లోపల మురిగిన నీళ్ల వాసన, నేలంతా జిగట. దుకాణదారు మాటకోసారి పక్కనున్న అట్టపెట్టెలోకి ఎర్రగా ఉమ్మేవాడు. ఆ చేతులే తుడుచుకోకుండా నా మదర్‌బోర్డును ఎత్తి చూపించాడు. రెండు పవర్ సప్లైలు ముందు పెట్టాడు. రెంటి మీదా ఒకే వాట్ల అంకె. ఒకటి ఖరీదు ఎక్కువ, తేలిక. రెండోది చవక, బరువు.

“అంకెలన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్ కాకా. చేతుల వట్టి సూడు. మాల్ ఎసొంటిదో బరువే చెప్తది,” అన్నాడు.

మా ఊళ్లో నూలు బరువు మీద కొంటారు. తడిపి బరువు పెంచి పంపే సేట్లూ ఉంటారు. అందుకని నేతపని వాళ్లు నూలును దవడకు ఆనించి చూస్తారు, చల్లగా తగిలితే తిప్పి పంపుతారు. బాపు రెండు డబ్బాలనూ చెరో చేత్తో, కాటా వేసి జోకినట్టు, ఊపి చూశాడు. తర్వాత బరువుదాన్ని దవడకు ఆనించుకున్నాడు.

“పొడిగనే ఉన్నది. గిదే తీసుకుందాం బిడ్డా.”

“ఇనుప డబ్బకు తడేంది కాకా! నూలనుకున్నవా?” అని దుకాణదారు పగలబడి నవ్వాడు. ఆ ఎర్రటి పళ్లు నాకు ఇప్పటికీ కనబడతాయి.

నులకమంచం మీద దుప్పటి పరిచి కంప్యూటర్ బిగించాను. అవ్వ డబ్బాకు పసుపు పూసి బొట్టుపెట్టి, చాటను తీసుకెళ్లి లోపలి అర్రలో గోడకు తగిలించింది. బతుకమ్మ, దసరా, దీపావళి మూడు పండుగలూ అక్క ఒళ్లో చాట లేకుండానే గడిచాయి. ప్రెస్సాయన తెచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని, వధూవరుల పేర్లు పైకి చదువుకుంటూ టైపు చేసేది. “గీ పిలగానికి ఏడుగురు మేనమామలుర! కార్డు సాలుతదా?” అని నవ్వేది.

ఒక మధ్యాహ్నం పటాకీ పేలినట్టు చప్పుడైంది. కుళ్లిన చేపలూ కాలిన వెంట్రుకలూ కలిసినట్టు వాసన వచ్చింది. పవర్ సప్లై పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్క్‌ను కూడా తీసుకుపోయింది. డిస్క్‌తో పాటు సీజన్ కార్డుల మ్యాటరంతా పోయింది. ప్రెస్సాయన సాయంత్రమే వచ్చి కాగితాలు పట్టుకెళ్లాడు.

బాపు డబ్బా మూత విప్పాడు. లోపల నూలుపోగుల్లాంటి తీగలు, బొద్దింక గుడ్ల తిత్తి, ఓ మూలన జిగురుతో అంటించిన సిమెంటు గడ్డ. దాని ఒంటి చుట్టూ నిలువు గీతల అచ్చు ఉంది. ప్లాస్టిక్ టీ గ్లాసు గీతలవి. ఎవడో కూర్చుని, సిమెంటు కలిపి, తాగి పారేసిన గ్లాసులో పోసి, ఆరనిచ్చి, గ్లాసు చించేసి, జిగురు పెట్టి అంటించాడు. ఆ ఓపికలో సగం పెట్టి ఉంటే లోపల పెట్టాల్సినవి సరిగా పెట్టొచ్చు. మోసం కన్నా ఆ ఓపికే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

మర్నాడు గడ్డను పట్టుకెళ్లి దుకాణం బల్ల మీద పెట్టాం.

“నేను పోసిన్నా సిమెంటు? డబ్బలు వస్తయ్, అమ్ముత. విప్పి సూసి కొంటరా ఎవలన్న?” అని దుకాణదారు ఉమ్మి, గడ్డను పక్కకు నెట్టాడు.

బాపు గొడవపడలేదు. “గడ్డ ఇటియ్యి,” అన్నాడు.

“ఏం జేస్తవే కాకా దాన్తోని?”

“బరువు సూసి కొన్న గద. బరువు నాది.”

అర్రలోని చాట మళ్లీ అక్క ఒళ్లోకి వచ్చింది. బీడీ ఆకును కప్పే తడి గోనెపట్ట జారకుండా అవ్వ ఆ గడ్డను దాని మీద పెట్టేది. అక్క పెళ్లై వెళ్లేదాకా ఈ గడ్డ ఆమె మోకాలి పక్కనే ఉంది.

ఇప్పుడు మా గల్లీలో సాంచాల చప్పుడు లేదు, చాలావాటిని పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్మేశారు. శుభలేఖలు ఫోన్లలోకి వస్తున్నాయి, ప్రెస్సు మూతపడింది. నేను కూర్చుని చదివిన నెట్ సెంటర్ ఉన్నచోట చికెన్ దుకాణం ఉంది. ఆ మెట్లకింది మనిషి మాత్రం ఉన్నాడు, ఫోన్ కవర్లు అమ్ముకుంటూ. ఎదురైతే “మంచిగున్నవా తమ్మీ?” అంటాడు. నేను మొహం తిప్పుకుంటాను.

అక్క కొత్త పవర్ సప్లైని పెట్టెలోంచి తీసి, చేత్తో ఊపి చూసి, దవడకు ఆనించుకుంది. ఏం చేస్తున్నదో అప్పుడు తెలిసి నవ్వింది.

“ఇందుల ఏం లేదు గదరా?”

జాలీలోంచి టార్చి వేసి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

“గా గడ్డ ఎంతుంటదిరా? బాపు ఎన్నడన్న జోకిండా?”

“లేదక్కా.”

గడ్డను కాటా మీద పెట్టాను. రెండు వందల పది గ్రాములు.