నూరు గ్రాములు, ఆపైన కొసరు

బాపు కిడ్నీలు సగం దెబ్బతిన్నాయని తెలిశాక, పూటకు నూరు గ్రాముల కూర చాలన్నాడు కరీంనగర్‌ డాక్టరు. మించితే రక్తంలో పొటాషియం పెరిగి గుండెకే ముప్పన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ బాపుకు వండి పెడుతున్న మా అవ్వ, పక్కనే కూర్చుని అడిగింది ఒక్కటే.

"గంటె లెక్కన ఎంతైతది సారూ?"

డాక్టరు నా వైపు చూశాడు. ఆ లెక్క నా నెత్తిన పడింది.

కాగజ్‌నగర్‌లో మా ఇంటికొచ్చాక చిన్న ఎలక్ట్రానిక్‌ కాంటా కొన్నాను. గంటెడు బీరకాయ కూర నీళ్లతో బరువుగా తూగింది. అదే గంటెతో గోరుచిక్కుడు వేపుడు తీస్తే అందులో సగం కూడా లేదు. సొరకాయైతే ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా. గంటెను గ్రాముల్లోకి మార్చడం నా తాతల తరం కూడా కాదని తేలిపోయింది. ఇక బాపు గిన్నెను ఏ పూటకాపూట కాంటా మీదే పెట్టమని అవ్వకు చెప్పాను.

"ఇది కూర పెట్టుడా, బంగారం తూచుడా?" అని గొణిగింది. గొణుగుతూనే తూచింది.

నెల తర్వాత పరీక్ష చేయిస్తే పొటాషియం దిగలేదు. ఇలాగే ఉంటే డయాలసిస్‌ తప్పదని డాక్టరు కసిరాడు. నాకు భయమేసింది, ఒళ్లూ మండింది. చాటుగా ఏం తింటున్నావని బాపును నిలదీశాను.

"మీ అవ్వ పెట్టిందే తింటున్నరా, ఒట్టు!"

మరునాడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కాంటా మీద అంకె సరిగ్గా నూరు దగ్గర ఆగింది. అవ్వ ఆ కూరను బాపు కంచంలో వంపింది. వెంటనే గంటె అందుకుని, కూర వండిన గంజులోంచి ఇంకాస్త తీసి పైన వేసింది.

"అవ్వా, గదేంది?"

"కొసరు."

అంగడిలో వంకాయలు తూచాక సంచిలో ఇంకో రెండు పడందే కదలని మనిషి.

"తూకం తప్పలే గదరా! తూచినంతే ఏసి ఊకుంటె పరాయోళ్లకు పెట్టినట్టుండదా?"

కోప్పడ్డాను, బతిమాలాను. సరేనంది. రాత్రి చెయ్యి మళ్లీ గంజులోకే పోయింది. ఇక లాభం లేదని, డాక్టరు ఎనభైకి తగ్గించాడని అబద్ధమాడాను. "గంతేనా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎనభై తూచింది, కొసరు వేసింది. రెండూ కలిపి నూరుకు అటూఇటూగా వచ్చింది. నేను చూడనట్టే ఊరుకున్నాను. తర్వాతి పరీక్షలో పొటాషియం దిగింది.

మొన్న అవ్వకు జ్వరమొస్తే వంట నేనే చేశాను. నూరు గ్రాములు తూచి బాపు కంచంలో వేశాను. ఆయన ముద్ద కలపకుండా కంచం వంకే చూస్తున్నాడు.

"కూర తక్కువేసినవేందిరా?"

"రోజూ తినేటంతే ఉంది బాపూ."

"లేదు, తక్కువనే ఉన్నది."

పక్కగదిలో మంచం మీది నుంచి అవ్వ గొంతు నీరసంగా వినిపించింది.

"కొసరేసినవా కొడుకా?"

నేను బాపు కంచంలోంచి గంటెడు కూర తీసి గిన్నెలో వేశాను. మళ్లీ అదే కూరను అదే గంటెతో తీసి, ఆయన చూస్తుండగా కంచంలో వేశాను.

"ఆఁ, గిప్పుడు సరిపోయింది" అన్నాడు బాపు, అన్నం కలుపుకుంటూ.