టోపీ తియ్యని లాయరు

అరోరా నుంచి షికాగో వెళ్ళే రైల్లో, దిగేముందు రోజూ స్టిక్కర్ బొట్టు తీసి ఫోన్ వెనక అతికించేదాన్ని. ఆఫీసులో ఎవరూ వద్దనలేదు, నాకే జంకు. ఒకరోజు ఎదుటి సీట్లో టోపీ పెట్టుకున్న ముసలాయన అది చూశాడు.

"మేం యూదులం. మా తాతకి ముత్తాత విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో లాయరు. ఎన్నికల్లో గెలిచినా, క్రైస్తవుడిగా ప్రమాణం చెయ్యనన్నాడని పార్లమెంటులోంచి పంపేశారు. ఏళ్ళ తర్వాత చట్టం మారింది. అప్పుడు మా పద్ధతిలో, నెత్తిన టోపీతోనే ప్రమాణం చేశాడు," అన్నాడు.

"అన్నేళ్ళూ ఏం చేశారండీ?"

"ప్రతిసారీ మళ్ళీ పోటీ చేశాడు."

అంతే, కిటికీ వైపు తిరిగిపోయాడు. స్టేషన్ వచ్చింది. ఫోన్ వెనక నుంచి బొట్టు తీసి మళ్ళీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత మూడు ఫోన్లు మార్చాను. దేని వెనకా జిగురు మరక లేదు.