డబుల్ బేస్ పట్టే బండి

మా అమ్మాయి వాయించేది డబుల్ బేస్. చూడ్డానికి వయొలిన్ లాగే ఉంటుంది గానీ మనిషంత ఎత్తు, పక్కన నిలబడి వాయించాలి. స్కూల్లో చేరిన కొత్తలో "ఫ్లూట్ తీసుకోవే, బ్యాగులో పట్టేస్తుంది" అని ఎంత చెప్పినా వినలేదు. ఆ మొండితనం ఎవరి పోలికో ఇంట్లో అందరికీ తెలుసు గనక నేనూ ఎక్కువ వాదించలేదు.

లీడ్స్‌లో నేను కమ్యూనిటీ నర్సుని. ఇంటింటికీ వెళ్లి కొందరికి పుండ్లు కడిగి కట్లు కడతాను, కొందరికి ఇన్సులిన్ ఇస్తాను. అప్పట్లో నాకున్నది ఒక చిన్న బండి. సందుల్లో తిరగడానికి, ఎక్కడ కాస్త జాగా దొరికితే అక్కడ పెట్టుకోవడానికి బాగానే ఉండేది. ఇబ్బందల్లా శనివారాలతోనే. ఆ రోజు అమ్మాయిని హడర్స్‌ఫీల్డ్‌లో పిల్లల ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి తీసుకెళ్లాలి. నా పక్క సీటు పూర్తిగా వాల్చి, వెనక తలుపులోంచి బేస్‌ని తోస్తే దాని తల ముందు అద్దానికి తగిలీ తగలకుండా ఆగేది. అమ్మాయి నా వెనక మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. మా ఆయనకి ఇక చోటుండేది కాదు.

ఒక శనివారం పొద్దున జోరున వాన. మోటార్‌వే ఎక్కే దారి మా వైపు ఎత్తుగా ఉంటుంది. పెడల్ అడుగంటా తొక్కాను. ఇంజను మూలుగుతోంది గానీ బండి వేగం అందుకోవట్లేదు. కుడిపక్కన పెద్ద లారీ వచ్చేస్తోంది. నేనున్న పక్కదారి అక్కడితో అయిపోయింది, లారీ ముందుకి దూరక తప్పలేదు. లారీ హారన్ మోగింది, వెనక నుంచి నీళ్లు మా మీదకి ఎగిశాయి. ఆ డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి బతికాం.

"మమ్, ఆర్ యూ ఓకే?" అంది అమ్మాయి.

"నేను బానే ఉన్నాను, నువ్వు బేస్ పట్టుకో" అన్నాను.

రిహార్సల్ అయ్యేదాకా కార్ పార్క్‌లోనే కూర్చుని తేల్చుకున్నాను. డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ బండి కావాలి. తొక్కితే కదిలే ఇంజను కావాలి. అప్పు చేయకుండా రావాలి, అంటే పాతదే.

ఇంటికెళ్లి చెబితే మా ఆయన లాప్‌టాప్ మీంచి తలెత్తారు. ఆయన ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తారు.

"ఎస్టేటా? అచ్చం శవాల బండిలా ఉంటుంది. అందరూ ఎస్‌యూవీలు కొంటున్నారు."

"ఎస్‌యూవీలో ఎత్తు ఉంటుందండీ, పొడుగు ఉండదు. బేస్‌ని నిలబెట్టి తీసుకెళ్లం కదా."

"సరే, కొను. వేగం ఎందుకు? నువ్వేమైనా రేసులకెళ్తావా?"

లారీ సంగతి చెప్పాను. ఆయన లాప్‌టాప్ మూసేశారు. కాసేపటికి లేచి టీ పెట్టి తెచ్చారు.

గుంటూరు నుంచి మా అక్క ఫోన్ చేస్తే ఎస్టేట్ కొంటున్నానన్నాను. "ఎక్కడే? ఎన్నెకరాలు?" అంది సంతోషంగా. బండి అని చెప్పాక ఆ సంతోషం సగానికి పడిపోయింది.

ఆదివారం చర్చిలో ఒక అంకుల్ పట్టుకున్నారు. "డీజిల్ తీసుకోమ్మా, మైలేజీ వస్తుంది." రోజంతా నావి రెండు వీధుల అవతలికి, మూడు వీధుల అవతలికి ప్రయాణాలు. అలా తిరిగితే డీజిల్ బండికి పొగగొట్టంలో ఉండే ఫిల్టరు సరిగా వేడెక్కక మసి పేరుకుపోతుంది. మాతో పనిచేసే ఒకామె రెండుసార్లు అలా దారిలో నిలబడిపోయింది. ఆ మాటే చెప్పాను. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లమ్మా" అని అంకుల్ నవ్వేశారు.

మొదటి బండి చూడ్డానికి నేనూ మా ఆయనా వెళ్లాం. పాత కార్లమ్మే యార్డు. అక్కడి కుర్రాడు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఆ తరవాత మాట్లాడిందంతా మా ఆయనతోనే. నేను ఇంజను గురించి అడిగితే జవాబు ఆయనకి చెబుతున్నాడు. బండి మాత్రం మెరిసిపోతోంది. బానెట్ మీద చెయ్యి పెట్టాను, జ్వరం చూసినట్టు. వేడిగా ఉంది.

"ఇంజను చల్లగా ఉంచమని ఫోన్‌లో చెప్పాను కదా" అన్నాను.

"ఇందాకే పక్కకి జరిపాం మేడమ్."

పక్కకి జరిపితే అంత వేడెక్కదు. చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తేనే దాని లోపలి రోగం బయటపడుతుంది. "వెళ్దాం పదండి" అన్నాను. గేటు దాటాక మా ఆయన, "బండి బానే ఉంది కదా, రంగు కూడా బావుంది" అన్నారు. బాగున్నది రంగొక్కటేనని నా అనుమానం.

ఆ తరవాత నుంచి అమ్మాయినీ బేస్‌నీ వెంటబెట్టుకునే వెళ్లడం మొదలుపెట్టాను. కాగితం మీద కొలతలెన్ని చూసినా లాభం లేదు, ఎక్కించి చూడాల్సిందే. లీడ్స్‌లోనే ఒక డాక్టరుగారి బండి చూశాం. మంచి మనిషి, మంచి ఇంజను. కానీ పైకప్పు స్టైల్ కోసం వెనక్కి వాల్చేసి ఉంది. బేస్ పొట్ట లోపలికి పోయింది గానీ వెనక తలుపు పడలేదు. అమ్మాయి పక్కకి తిప్పింది, బోర్లా వేసింది, చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని "ఇట్ వోంట్ ఫిట్, మమ్" అంది. ఆయన ధర తగ్గిస్తానన్నాడు. ధర తగ్గిస్తే డిక్కీ పెరగదు కదా.

వారాలు గడిచాయి. ప్రతి సాయంత్రం ఫోన్‌లో బండ్ల ప్రకటనలు చూడ్డం, దేశంలో ప్రతి బండికీ ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో దేనికి ఏ లోపం రాశారో వెతకడం. మా ఆయన ఒకరోజు "చాల్లే, దొరికిందేదో తీసుకుందాం" అన్నారు. నేను కాదన్నాను. మళ్లీ ఆ ఎత్తు దారి ఎక్కేది నేను, నా వెనక కూర్చునేది నా కూతురు.

చివరికి కనిపించింది కొండల వైపు ఒక పల్లెలో. రెండు లీటర్ల టర్బో పెట్రోలు, పాతదే గానీ ఒక్కరి చేతిలోనే నడిచింది. ధర చూస్తే మరీ తక్కువ. ఏదో ఉందనుకుంటూనే వెళ్లాం. అమ్మేది ఒక పెద్దాయన. వెనక తలుపు తెరవగానే కారణం తెలిసింది. కుక్క వాసన గుప్పున కొట్టింది. కార్పెట్ నిండా వెంట్రుకలు, ప్లాస్టిక్ మీద గోళ్ల గీతలు. అమ్మాయి ముక్కు మూసుకుంది.

"ఇద్దరొచ్చి ఇక్కడినుంచే వెనక్కి తిరిగారు" అన్నాడాయన. "రెండు లాబ్రడార్లు ఉండేవి నాకు. రెండోది ఈ మధ్యే పోయింది. ఇంకో కుక్కని పెంచే ఓపిక లేదు. నాకిప్పుడు చిన్న బండి చాలు."

"ఇంత వేగమైన బండి ఎందుకు తీసుకున్నారు?" అని అడిగాను.

"డిక్కీ వాటి కోసం. ఇంజను నా కోసం."

నేను నర్సుని. వాసనకి భయపడి గుమ్మంలోంచి వెనక్కి తిరిగితే నా ఉద్యోగం ఒక్క పూట సాగదు. బానెట్ ముట్టుకున్నాను, రాయిలా చల్లగా ఉంది. స్టార్ట్ చేస్తే మొదటిసారికే అందుకుంది. పొగ లేదు, టకటక లేదు. వెనక సీట్లో ఒక వైపు మడిచి బేస్‌ని తోశాం. మెడ మా రెండు ముందు సీట్ల మధ్యకొచ్చి ఒదిగింది. వెనక తలుపు మెత్తగా పడింది. పైగా అమ్మాయి కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఆ రోజుకి ఇన్సూరెన్స్ ముందే తీసుకున్నాను. "బేస్‌తో సహా మోటార్‌వే దాకా నడుపుతాను" అన్నాను. ఆయన కాదనలేదు, నా పక్కన కూర్చున్నాడు. మోటార్‌వే ఎక్కే చోట పెడల్ తొక్కాను. బండి మమ్మల్ని సీట్లకి అదిమింది. చుట్టూ ఉన్న బండ్ల వేగం అందుకున్నాక కూడా తొక్కడానికింకా మిగిలే ఉంది. వెనక నుంచి అమ్మాయి "ఓ మై డేస్!" అని అరిచింది. పెద్దాయన కిటికీ వైపు తిరిగి చిన్నగా నవ్వుకున్నాడు.

తిరిగొచ్చాక బేరం మొదలైంది. ముందు టైర్లు రెండూ అరిగాయి, బ్రేకులు మార్చాలి, లోపలంతా శుభ్రం చేయించాలి. ఒక్కొక్కటీ చూపించి అడిగాను. ఆయన కాసేపు బిగుసుకున్నాడు. నేను తాళం ఆయన చేతిలో పెట్టి, "ఆలోచించుకోండి, తొందర లేదు" అన్నాను. నిజానికి తొందరంతా నాదే. చివరికి టైర్ల ఖర్చు మేరకు ధర తగ్గించాడు, బ్రేకుల మాటకి మాత్రం ఒప్పుకోలేదు. సరేనన్నాను.

బేస్ దింపుతుంటే "ఇంతకీ దాని చప్పుడెలా ఉంటుంది?" అని అడిగాడు. అమ్మాయి ఆ ఇంటి వాకిట్లోనే నిలబడి కమాను లాగింది. ఆ లోతైన నాదం గోడలకి తగిలి కాళ్ల కిందకి పాకింది. ఆయన తల వంచుకుని విన్నాడు. "మా కుక్కలుంటే శ్రుతి కలిపేవి" అని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మాయి ఇంకాస్త వాయించింది.

మరుసటి వారం చర్చి అంకుల్ మమ్మల్ని తన డీజిల్ బండిలో ఆ పల్లెలో దింపారు. బండి తెచ్చుకున్నాక మూడు పూటలు వంటసోడా చల్లి, రుద్ది, వాక్యూమ్ పట్టాం. మా ఆయన మాస్కు పెట్టుకుని మరీ రుద్దారు. బ్రేకులు మార్పించాం. పాత చిన్న బండిని మాతో పనిచేసే ఒక కొత్త నర్సు తీసుకుంది.

బండి పెట్రోలు బాగా తాగుతుంది, ఆ సంగతి దాచను. సందుల్లో పార్కింగ్ కూడా ముందంత సులువు కాదు. ఒక పేషెంటు ఇంటికైతే రెండు వీధుల అవతల పెట్టి నడిచి వెళ్తాను. అయినా ఆ రోజు కార్ పార్క్‌లో అనుకున్నదాంట్లో దేన్నీ వదులుకోలేదు.

ఈ మధ్య ఆర్కెస్ట్రా వాళ్లు మా డిక్కీ చూసేశారు. లీసెస్టర్‌లో కచేరీ ఉందట, పెద్ద డ్రమ్ములు మా బండిలో పడతాయా అని అడిగారు. పడతాయన్నాను. ఈ సాయంత్రం పెట్రోలు బంకుకెళ్లి టైర్లలో గాలి చూసుకోవాలి.