ఎవరూ ముట్టని విస్తళ్ళు

ఆ రోజుల్లో ఏ దేవుడికైనా మైకు సెట్టు ఉంటేనే మర్యాద. ఎనభైల నాటి మాట. యానాం ఫరంపేటలో మా వీధికి ఒక కొసన మా చర్చి, ఇంకో కొసన రామాలయం. శనివారం సాయంత్రమైతే ఇటు మా పాటల ప్రాక్టీసు, అటు వాళ్ళ భజన. మధ్య ఇళ్ళవాళ్ళకి ఎవరు ఏ దేవుణ్ణి పిలుస్తున్నారో తెలిసేది కాదు (ఇద్దరూ ఓపికగల దేవుళ్ళు కాబట్టి సరిపోయింది). ఓపిక లేనిది మనుషులకే. చర్చి పెద్దయిన మా నాన్న, రామాలయం కమిటీ పెద్దయిన కొట్టు బాబాయ్‌గారు ఓసారి నడివీధిలో ఒకరి మైకు మీద ఒకరు అరుచుకుని పలకరింపులు మానేశారు. బడిపంతులుగా రిటైరైన మా నాన్న, పక్క జిల్లా నుంచి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్న ఆయన, అంతకుముందు రోజూ పొద్దున్నే ఒకే పేపరును చెరో కాగితం పంచుకుని చదివినవాళ్ళే.

వాళ్ళు మాట్లాడుకోకపోతే నాకేం అంటే, బాబాయ్‌గారమ్మాయి నా ప్రాణస్నేహితురాలు. ఇద్దరం ఒకే బళ్ళో కొత్తగా చేరిన టీచర్లం. ఆ వేసవిలోనే దాని పెళ్ళి. "మనింట్లోంచి ఎవరూ వెళ్ళక్కర్లేదు" అని నాన్న తేల్చేశారు. అది పీటల మీద కూర్చుంటే నేను ఇంట్లో కూర్చుని పప్పు ఏరుకోవాలా? ఆ ఊహకే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పథకం వేశాను. బడి వరండాలో వీధివాళ్ళందరికీ సహపంక్తి భోజనం, నాన్నకీ బాబాయ్‌గారికీ పక్కపక్క విస్తళ్ళు. అన్నం దగ్గర కోపాలుంటాయా అని నా ధీమా. (అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. అన్నం దగ్గర ఎన్ని కోపాలుంటాయో తర్వాత తెలిసింది.)

ఏర్పాట్లలో నా తెలివి చూసి నేనే మురిసిపోయాను. బాబాయ్‌గారి కోసం నీచు లేకుండా వంట. మా వీధి దర్జీ మామయ్య కోసం రంజాను వెళ్ళేదాకా ఆగడం. మంగళవారం సంత, శనివారం మైకులు, ఆదివారం చర్చి. వెతగ్గా వెతగ్గా ఒక శుక్రవారం ఖాళీగా దొరికింది. జుమ్మా నమాజు అయ్యాకే వడ్డన అని కూడా చెప్పాను. ఎవరేం తింటారో ఇంటింటికీ తిరిగి అడిగాను. తింటారా లేదా అన్నది మాత్రం అడగలేదు.

పులిహోర, గుత్తి వంకాయ, ముద్దపప్పు, బూరెలు స్నేహితురాలూ నేనూ పొద్దున్నుంచీ చెమటలు కక్కుతూ వండాం. అందరూ వచ్చారు. నాన్న బిగుసుకుని, బాబాయ్‌గారు గోడవైపు చూస్తూ పక్కపక్కనే కూర్చున్నారు. వాళ్ళకి ఎదురుగా దర్జీ మామయ్య. వడ్డన అయింది. పెద్దవాళ్ళు ముద్ద కలిపితే గానీ పంక్తిలో ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టకూడదు కదా, అందరి కళ్ళూ ఆ ముగ్గురి మీదే. ముగ్గురూ కదలరు.

"కానివ్వండి" అన్నారు నాన్న, గాలిలోకి.

"ఆయ్, మీరు కానివ్వండి" అన్నారు బాబాయ్‌గారు, గోడతో.

"మీరు మొదలెడితే నేనూ..." అని మామయ్య మీసం సవరించుకున్నాడు. పులిహోర చల్లారిపోయింది. పిల్లలు బూరెల వంక చూసి గుటకలు మింగుతున్నారు. నాన్న మొహం ఎర్రబడింది.

"మా అమ్మాయి వండితే ముట్టుకోకూడదాండీ?"

"ముందు మీ ఇస్తరి సూసుకోండి మాస్టారూ! నా పక్కన తింటానికి మీకు నామోషీ గానీ!"

పెళ్ళికి వెళ్ళడం మాట దేవుడెరుగు, ఉన్న మైకుల గొడవకి వంకాయ గొడవ కూడా తోడయ్యేలా ఉంది. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి పిన్నిగారు లేచారు. "ఇయ్యాల ఏకాదశండీ బాబూ! ఆయన అన్నం ముట్టరు. రాకపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటదని చెప్పకుండా వచ్చి కూకున్నారు."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో రామా" (కంగారులో మా అమ్మకీ రాముడే గుర్తొచ్చేవాడు), "ఈయనకీ ఉపవాస ప్రార్థనే వదినా! సాయంత్రం దాకా ఏమీ తినరు. పిల్లకి చెప్పొద్దన్నారు."

అందరం మామయ్య వైపు తిరిగాం. ఆయన సిగ్గుపడుతూ, "పండగయ్యాక ఇంకొన్ని రోజాలు ఉంటాయమ్మా. నువ్వు అంత ప్రేమగా పిలిస్తే..." అని నసిగాడు.

ముందు నవ్వింది బాబాయ్‌గారే. తర్వాత వరండా అంతా నవ్వు. మా ఇంటి క్యాలెండర్లో రోజుకో బైబిలు వాక్యం ఉండేది గానీ తిథులుండేవి కావు. నా స్నేహితురాలికి తిథులు తెలుసు గానీ, ఆ నెలలో దానికి తన పెళ్ళి ముహూర్తం తప్ప ఇంకేదీ గుర్తులేదు. ఇక మా చర్చి ఉపవాస ప్రార్థనైనా నాకు తెలియాలి కదా? తెలియాల్సిందే.

"మీరు తినండర్రా" అని పెద్దలు అనుమతిచ్చాక పంక్తి కదిలింది. వంకాయ వాసన తట్టుకోలేక ఆ ముగ్గురూ బడి మెట్ల మీదకి వెళ్ళి కూర్చున్నారు. తిండి లేదు, పని లేదు, ఒకరి నుంచి ఒకరు దాక్కోవడానికి విస్తరి కూడా లేదు. మాట్లాడుకోక చస్తారా?

"పాలూ పళ్ళూ తీసుకుంటారా? అదీ ఒక ఉపవాసమేనాండీ?" అంటున్నారు నాన్న.

"మీరు మంచినీళ్ళు తాగరేటి? పాపం సాయిబుగారు సూడండి, గుక్కెడు నీళ్ళు కూడా లేవు" అంటున్నారు బాబాయ్‌గారు. మామయ్యని గెలిచినవాడిగా ఒప్పేసుకుని, ఉపవాసం ఎందుకుంటామో ఒకరికొకరు చెప్పుకుంటూ సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయారు. భజన ముగిశాకే మా పాటలు అన్న ఒప్పందం కూడా ఆ మెట్ల మీదే కుదిరింది. పొద్దు వాలాక మామయ్య తెప్పించిన ఖర్జూరాలు ముగ్గురూ తిన్నారు. ఏకాదశికి ఖర్జూరం పనికొస్తుందని పిన్నిగారు తీర్పు చెప్పారు.

పెళ్ళికి మేం ఇంటిల్లిపాదీ వెళ్ళాం. భోజనాల దగ్గర బాబాయ్‌గారు వడ్డించేవాళ్ళని ఆపి, నాన్న విస్తరి ముందు వంగి భయంభయంగా అడిగారు. "మాస్టారూ, ఇయ్యాల ఏం లేదు కదా?"

"ఉన్నా లేదండీ. పెట్టండి" అన్నారు నాన్న.

ఇప్పుడు నన్ను మత సామరస్యం సభల్లో వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడమంటున్నారు. చాలా చెబుతాను. ఒక్కటి మాత్రం చెప్పను. ఆకలి ఓర్చుకుని ముగ్గురు పెద్దలు మెట్ల మీద మళ్ళీ స్నేహితులవుతుంటే, వాళ్ళని కలపడానికి పుట్టానని నమ్మిన ఆ పిల్ల లోపల మూడో బూరె తింటోంది.