ఫ్యానున్న గ్రాఫిక్స్ కార్డు

ఇవాళ అటక సర్దుతుంటే పాత గ్రాఫిక్స్ కార్డు దొరికింది. దాని చిన్న ఫ్యాను రెక్కల మధ్య గోదావరిఖని బొగ్గు దుమ్ము ఇంకా నల్లగా అంటుకునే ఉంది.

క్వార్టర్లలో నాతో పెరిగిన దోస్తులారా, ఆ కార్ల రేసు గేమ్ ఆడాలని, గ్రాఫిక్స్ కార్డు కొనివ్వమని ఇళ్లల్లో ఎంత బతిమాలామో గుర్తుందా? కరీంనగర్ షాపులో ఒకే ధరకు రెండు కార్డులు చూపించారు. మొదటిదానికి మెమరీ రెట్టింపు, కానీ ఫ్యాను లేదు. రెండోదానికి మెమరీ సగమే, ఫ్యాను ఉంది. నేను మొదటిదే కావాలన్నాను. బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు రెండోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"గాలి ఆడకుంటే మేమే బాయిల దిగం బిడ్డా. ఫ్యాను లేనిది ఎట్ల పనిచేస్తది?"

తీరా చూస్తే గేమ్‌లో మీ అందరి కార్లు దూసుకుపోయేవి, నాది ఆగి ఆగి కదిలేది. బాపు మీద చాలా రోజులు అలిగాను.

ఆయనకు అదేమీ పట్టేది కాదు. డ్యూటీ నుంచి రాగానే టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, ముందు కంప్యూటర్ వెనక అరచేయి ఉంచేవాడు.

"గాలి మంచిగనే వస్తుంది. ఇగ ఆడుకో బిడ్డా."