రోడ్డుకు అవతల నిలబడ్డవాడు

మేం దూదేకుల సాయిబులం, మా ఇంట్లో తరాలుగా పత్తి ఏకి పరుపులు కుట్టే పని. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళి కుదిరినా నా కొట్టు ముందు ఒకసారి ఆగాల్సిందే. సరిహద్దులో కాల్పులు మొదలైన ఆ వేసవిలో మాత్రం సాయంత్రం కాగానే కొట్టు కట్టేసి, సెంటర్‌కి వెళ్ళి, ‘యుద్ధం వద్దు’ అని రాసిన తెల్లగుడ్డ పట్టుకుని నిలబడేవాణ్ణి. గుడ్డ నాది. అక్షరాలు మాకు బడిలో తెలుగు చెప్పిన మాస్టారివి. మాతోపాటు మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు కొందరు ఉండేవాళ్ళు. పనిలోంచి నేరుగా వచ్చేవాళ్ళేమో, వాళ్ళ చీరల ఘాటుకి మాస్టారు మాట్లాడుతూ మాట్లాడుతూ తుమ్మేవారు.

రోడ్డుకు అవతల ఇంకో గుంపు. మోటారు సైకిళ్ళు, జెండాలు, డప్పులు. అందరికంటే ముందు నిలబడి గొంతు చించుకునేవాడు పదో తరగతి దాకా నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. మిరప రైతు. వాడి ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు, సరిగ్గా ఆ సరిహద్దులోనే.

“ఒరేయ్! తిండి ఇక్కడ తింటా పాట అక్కడోళ్ళది పాడతావేంట్రా?” అని మొదటిరోజే అరిచాడు.

మాస్టారిని ఏమీ అనలేదు. ఆడవాళ్ళనీ అనలేదు. నన్నే అన్నాడు. ఎందుకో నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. వాడి కూతురి పెళ్ళికి పరుపులు కుట్టింది నేను. విస్తళ్ళ దగ్గర నిలబడి అడిగి అడిగి వడ్డించిందీ నేనే. ఆ పూట ఇంటికెళ్తే అన్నం సయించలేదు. “రేపట్నించి మానెయ్యి” అంది మా ఆవిడ. మానలేదు. గుడ్డకి రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలిగా.

మాస్టారు మాకు పెట్టిన నియమం ఒక్కటే. “యుద్ధాన్ని ఎంతైనా తిట్టండి. మనుషుల్ని తిట్టొద్దు.” వినడానికి తేలికే. రోజూ ఎదురుగా నిలబడి మాటలు పడేవాళ్ళకి అంత తేలిక కాదు.

ఒక సాయంత్రం అవతల డప్పులు మోగుతున్నాయి గానీ వాడి గొంతు వినపడలేదు. మూసేసిన ఒక షాపు మెట్ల మీద కూర్చుని ఫోను వంకే చూస్తున్నాడు. కాల్పులు పెరిగిన దగ్గర్నుంచి కొడుకు ఫోను కలవడం లేదని టీ కొట్టతను చెప్పాడు. మా వరసలో ఒకామె ఉంది. వాడు నన్నన్న మాటలకు నాకంటే ఎక్కువ మండిపడినామె.

“ఇప్పుడు తెలిసొచ్చిందా యుద్ధమంటే ఏంటో? ఉండండి, మొహం మీదే అడిగేస్తా” అంటూ కదిలింది.

“వద్దమ్మా. ఆ మాట అన్నామంటే ఇక మనం ఇక్కడ నిలబడటంలో అర్థం లేదు.”

గుడ్డ కొస ఆమె చేతికిచ్చి నేనే రోడ్డు దాటాను. వాళ్ళవాళ్ళు ఇద్దరు అడ్డం వచ్చారు. వాడు తలెత్తాడు.

“ఎందుకొచ్చావురా?”

“పిల్లాడు ఫోన్ చేశాడేమో కనుక్కుందామని.”

నన్ను ఎగాదిగా చూశాడు. తిడతాడనే అనుకున్నాను.

“చెయ్యలేదురా” అన్నాడు. పలకని ఫోను నా ముందుకు చాపాడు. “వాళ్ళమ్మ నిన్నట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలా.”

అడ్డం వచ్చినవాళ్ళు పక్కకు జరిగారు. మెట్ల మీద వాడి పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యేశాను. తోసెయ్యలేదు. ఎవరూ చెప్పకుండానే డప్పులు ఆగిపోయాయి.

ఆ తల్లి తిండి మానేసిందని తెలిసేసరికి, ఇందాక మండిపడినామె మిగతా ఆడవాళ్ళను వెంటేసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. వాకిట్లోనే ఆ తల్లి నిలదీసిందట.

“నా కొడుకు అక్కడ ప్రాణాలొడ్డి కొట్లాడతంటే మీరు వద్దని జెండాలు పడతారా?”

“నీ కొడుకు క్షేమంగా ఇంటికి రావాలనే గదా వదినా మేం నిలబడేది!”

ఆ తల్లి తలుపు బార్లా తీసిందట. వీళ్ళు లోపలికెళ్ళి వేడివేడిగా చారు కాచి, ఆమె చేత నాలుగు ముద్దలు తినిపించిగానీ కదల్లేదు.

మర్నాడు సాయంత్రం ఎవరి వైపు వాళ్ళం నిలబడ్డాం. మాస్టారు మాట్లాడుతుండగా అవతల్నించి ఒక్క కేక.

“ఒరేయ్! వచ్చిందిరా, ఫోనొచ్చింది!”

వాడు నన్నే పిలిచాడు. వాడి చుట్టూ అంతమంది ఉండగా నన్ను పిలిచాడు. గుడ్డ సంగతే మర్చిపోయి పరిగెత్తాను. వాడు ఫోను నా చేతిలో పెడితే స్పీకర్ నేనే నొక్కాను.

“నాన్నా, బాగానే ఉన్నా. సిగ్నల్ లేదంతే. అమ్మకి చెప్పు.”

అప్పుడు లేచిన హోరు నేనింతవరకూ వినలేదు. డప్పులు, ఈలలు, రెండువైపుల జనమూ నడిరోడ్డు మీదే. నా కాళ్ళు వాటంతటవే ఆడాయి.

“ఏంటి నాన్నా ఆ గోల?”

“మీ పరుపుల బాబాయ్ చిందులేస్తన్నాడ్రా!”

“బాబాయ్! ఇక్కడ రాళ్ళ మీద పడుకుంటన్నాం. ఓ పరుపు పంపకూడదూ?”

“నువ్వొచ్చెయ్, నీకు మెత్తటి పరుపు కుట్టి ఉంచుతా!” అని అరిచాను. ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియలేదు.

గోల సద్దుమణిగాక వాడు మాస్టారి చేతిలోంచి మైకు అందుకున్నాడు. “యుద్ధం సంగతిలో వీడు చెప్పేది నేనొప్పుకోను. రేపు కూడా జెండా పట్టుకుని అవతలే నిలబడతా. కానీ వీణ్ణి ఈ ఊళ్ళో ఇంకోసారి ఎవడన్నా పరాయివాడంటే ముందు నాకు సమాధానం చెప్పాల.” ఆ చప్పట్లు మా వైపు కంటే అవతలివైపే ముందు మోగాయి.

అన్నమాట ప్రకారం అవతలే నిలబడ్డాడు, నేను ఇవతలే. కాల్పులు ఆగాయని వార్త వచ్చిన సాయంత్రం వాడు గెలిచామని టపాకాయలు తెచ్చాడు, నేను యుద్ధం ఆగిందని లడ్డూలు తెచ్చాను. నా లడ్డూలు వాళ్ళు తిన్నారు. వాడి టపాకాయలు మాస్టారు వెలిగించారు. తొడిమల ఆడవాళ్ళు ఆ తల్లిని మధ్యలో పెట్టుకుని సెంటర్ నుంచి ఊరేగింపుగా బయల్దేరారు. ముందు జెండాలు, వెనక మా తెల్లగుడ్డ. బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్ ఇందులో ఎవరు ఎవరి తరఫో తేల్చుకోలేక, నోట్లో లడ్డూతో, లాఠీ ఊపుతూ మాకు దారిచ్చాడు.