మా బావ కత్తెర, పెరట్లో చైనా గోరింట

మా బావది కటింగ్ షాపు. అక్కది ఇస్త్రీ పని, ఇంట్లోనే. ఇద్దరి మధ్యా తగవు పెట్టింది పెరట్లో చెట్టు. కాయలు కాసేది కాదు, కలపకి పనికొచ్చేదీ కాదు. చైనా గోరింట. ముడతలు ముడతలుగా గులాబీ రంగు పూలు గుత్తులు గుత్తులుగా పూస్తుందని మొక్కలమ్మేవాడు చెబితే నమ్మి బావే తెచ్చి నాటాడు. చెట్టు గోడ దాటి పెరిగింది. పువ్వు మాత్రం ఒక్కటి కూడా మా కళ్ళపడలేదు.

బావంత నెమ్మదస్తుడు లేడు, ఒప్పుకుంటాను. షాపులో ఎవరు ఏ సోది చెప్పినా ఊకొడుతూనే తల చక్కబెట్టి పంపిస్తాడు. కానీ చెవి పక్కన ఒక్క వెంట్రుక ఎక్కువున్నా ఆయనకి ముద్ద దిగదు. ఆ చాదస్తం చెట్టు మీద కూడా చూపించేవాడు. సెలవొస్తే చాలు, స్టూలెక్కి కొత్త చిగుళ్ళన్నీ కత్తిరించి, దిగి చుట్టూ తిరిగి చూసి, మళ్ళీ ఎక్కి కత్తిరించి, దాన్ని గుండ్రంగా తయారుచేసేవాడు.

“మెడ దగ్గర పౌడరు కూడా అద్దకపోయావా బావా?” అనేదాన్ని.

“అద్దేవాణ్ణే మరదలా, తుమ్ముతుందేమోనని మానుకున్నా” అనేవాడు.

అక్కకి మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఇస్త్రీ బల్ల వంటింట్లో ఇరుక్కుని ఉంది. బట్టలకి పోపు వాసన పడుతోందని ఇచ్చినవాళ్ళు గొణుగుతున్నారు. చెట్టు తీసేస్తే అక్కడ రేకుల షెడ్డు వేసుకోవచ్చు. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? నేనూ ఆమె వైపే మాట్లాడాను. చివరికి ఆదివారం చెట్టు కొట్టడానికి మనిషిని కుదిర్చింది.

అన్నం తింటూ బావ నోరు విప్పాడు. “నా చేతికింద పడేదంతా ఊడ్చి పారేసేదే. ఈ చేత్తో పెంచింది ఒక్కటైనా నిలబడుతుందనుకున్నా. పోనీలే.”

నాకు మనసు చివుక్కుమంది. అక్క మాత్రం మాట మార్చుకోలేదు.

శనివారం పొద్దున గోడ అవతల నుంచి టీచరమ్మ పిలిచింది. “రేపు చెట్టు కొట్టిస్తున్నారటగా. మా వైపు కొమ్మ ఒక్కటీ పూలు రాలిపోయేదాకా ఉంచుతారా?”

“ఏం పూలు?” అంది అక్క.

ఇద్దరం సందు చుట్టూ తిరిగి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాం. గోడ మీంచి అటు వాలిన కొమ్మ, బావ కత్తెరకి అందని కొమ్మ, పూలగుత్తుల బరువుకి కిందికి వంగిపోయి ఉంది. ఏటా పూస్తుందట. మాకు తెలుసనే అనుకుందట ఆవిడ. మా వైపు నున్నగా దువ్విన తల, వాళ్ళ వైపు పూలజడ.

“కొత్త చిగుళ్ళ చివరే పూస్తుందన్నమాట. ఈయన వాటిని ఉండనిస్తేగా” అంది అక్క. నవ్వాలో తిట్టాలో ఆమెకే తెలియలేదు.

చెప్పులు వేసుకుని నేరుగా షాపుకి నడిచింది, వెనకే నేను. బావ ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. “మీరు రండి” అంది. ఆ గొంతు విని కుర్చీలో ఆయన కూడా లేచాడు. మెడకి గుడ్డ, ఒక చెంపకి నురగ, అలాగే మా వెంట వచ్చాడు. అంత తగవు చూడకుండా ఎలా ఉండగలడు పాపం.

బావ టీచరమ్మ పెరట్లో ఆ కొమ్మ కిందికి వెళ్ళాడు. ఒక గుత్తిని అరచేతిలోకి తీసుకున్నాడు, తుంచలేదు.

“అయితే ఇన్నేళ్ళూ మొగ్గలన్నీ నేనే కత్తిరించి పారేశానా?” అన్నాడు.

మా అక్క నోరు నాకు తెలుసు, ఇప్పుడు దులిపేస్తుందనుకున్నాను. ఆమె వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

“మీరు కొట్టినదానికన్నా రేపొచ్చేవాడు ఎక్కువేం కొడతాడు? వద్దని చెప్పేస్తాలెండి.”

బావ కళ్ళు తుడుచుకున్నాడు. “షాపు వెనక గది నీకిచ్చేస్తా. బల్ల అక్కడ వేసుకో.”

అది ఆయన మధ్యాహ్నం కునుకు తీసే గది. ఎంత పోరినా ఇవ్వని గది.

“మరి మీ నిద్ర?” అంది అక్క.

“పెరట్లో చెట్టు కింద పడుకుంటా. ఆ కత్తెర మాత్రం నాకు కనపడకుండా దాచిపెట్టు. ఈ చేతిని నేనే నమ్మలేను.”